పసుపు గీత ఎవరిది? పెదవాల్తేరు మేడమీది ప్రాజెక్టు డైరీ

జూన్ 8

కాంతిని రంగులుగా విడదీసి చూపే పెట్టె (స్పెక్ట్రోమీటరు) పూర్తయింది. గొట్టంలో వెలిగే ప్రతి వాయువూ తనవైన రంగు గీతలు గీస్తుంది, ఆ గీతలు చూసి లోపల ఉన్నదేమిటో చెప్పాలని. పాత ప్లైవుడ్ ముక్కలు, లోపలంతా నల్ల చార్టు పేపరు. ఒక చివర చీలిక. గడ్డం బ్లేడును నిలువునా రెండుగా విరిచి, పదును అంచులు ఎదురెదురుగా పెట్టి అంటించాను. బండి ప్లగ్గు గ్యాపు చూసుకునే ఫీలర్ గేజ్ ఇంట్లో ఉంది. అందులో 0.1 మిల్లీమీటరు రేకు జారేంత సందు వదిలాను. రెండో చివర వెబ్‌క్యామ్, దాని ముందు డీవీడీ ముక్క.

డీవీడీ మీద గాడికీ గాడికీ మధ్య దూరం 0.74 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరుకు దాదాపు 1350 గాళ్ళు. సీడీలో ఆ దూరం 1.6 మైక్రాన్లు. 550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న ఆకుపచ్చ కాంతి సీడీ ముక్కలోంచి 20 డిగ్రీలు పక్కకు తిరుగుతుంది, డీవీడీలోంచి 48 డిగ్రీలు. ఎంత తిరిగితే రంగులు అంత విడిపోతాయి కాబట్టి డీవీడీయే కావాలి, వెబ్‌క్యామ్‌ని కూడా 48 డిగ్రీల ఏటవాలులో బిగించాలి. ఖాళీ డీవీడీని కత్తిరించి, రెండు పొరలుగా చీల్చి, వెండిపూత లేని పొరని స్పిరిట్‌తో ఊదారంగు పోయేదాకా కడిగాను. మొదటి రెండు ముక్కల మీద వేలిముద్రలు పడ్డాయి. మూడోది పట్టకారుతో పట్టుకున్నాను.

వెబ్‌క్యామ్ లెన్సు వెనక ఎర్రగా మెరిసే చిన్న గాజుపలక ఉంటుంది, ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపడానికి. దాన్ని తీసేశాను. అది ఉంటే 700 నానోమీటర్లు దాటాక ఏమీ కనబడదు. నాకు 777 దగ్గరుండే ఆక్సిజన్ గీత కావాలి.

జూన్ 15

కొలబద్ద వేసుకునే రోజు. పాత సీఎఫ్ఎల్ బల్బు వెలిగిస్తే పాదరసం గీతలు వాటంతటవే వరసలో నిలబడ్డాయి: 435.8 నీలం, 546.1 ఆకుపచ్చ. థెరిమినో సాఫ్ట్‌వేర్‌లో (గీతల వెలుగును శిఖరాల గ్రాఫుగా చూపేది) ఈ రెండింటినీ గుర్తుపెడితే మిగతా స్కేలు అదే లెక్క కట్టుకుంటుంది. తెర మీద 1280 పిక్సెళ్ళలో 380 నుంచి 900 దాకా పరుచుకుంది, పిక్సెలుకు 0.4 నానోమీటరు.

పాదరసానికి పసుపులో జంట గీతలున్నాయి, 577.0 ఒకటి, 579.1 ఒకటి. అవి నా తెర మీద రెండు శిఖరాలుగా కనబడ్డాయి, మధ్యలో పల్లం మాత్రం లోతు లేదు. అంటే రెండు నానోమీటర్ల ఎడం ఉంటే విడదీయగలను, అంతకన్నా దగ్గరైతే కలిసిపోతాయి. ఈ పెట్టె బలమూ బలహీనతా ఇదేనని పుస్తకం మొదటి పేజీలో రాసుకున్నాను. ముందుముందు ప్రతి కొలతకూ ఇది అడ్డం రాబోతోంది.

పాదరసానికి ఎరుపు వైపు ఆనవాళ్ళు తక్కువ. అక్కడికి టెస్టర్ బల్బు పనికొచ్చింది. కరెంటుందో లేదో చూసే టెస్టర్ స్క్రూడ్రైవర్‌లో వెలిగేది నియాన్. బల్బు విడిగా కొని, పెద్ద రెసిస్టరు వరసలో కలిపి, గొట్టంలో మూసి పెట్టాను. మా అక్క కూతురు ఇంటర్ రెండో ఏడు చదువుతోంది, సెలవుల్లో ఇక్కడే ఉంది. భూతద్దం పెట్టి చూసి, "మామయ్యా, ఏసీలో రెండు పుల్లలూ వెలుగుతున్నాయి, డీసీ ఇస్తే ఒక్కటే వెలుగుతోంది ఎందుకు?" అంది. వెలిగేది నెగెటివ్ పుల్ల చుట్టూనే. ఏసీలో సెకనుకు వంద సార్లు వంతులు మారతాయి కాబట్టి రెండూ వెలిగినట్టే కనబడతాయి.

నియాన్ గీతలు 585.2, 588.2, 594.5, 614.3, 640.2, 703.2. స్కేలు ఎక్కడా అర నానోమీటరు మించి తప్పడం లేదు.

జూన్ 22

ఒక వారం కొలతలు చెత్తబుట్టలోకి. వెబ్‌క్యామ్ ఆటో ఎక్స్‌పోజర్‌లో ఉండిపోయింది. వెలుతురు తగ్గితే అదే సర్దుకుని గీతను పొడుగ్గా చూపిస్తోంది. ఇక అన్నీ చేత్తో పెట్టుకోవాలి. ఎక్స్‌పోజర్ కూడా 20 మిల్లీసెకన్ల గుణకాల్లోనే, లేకపోతే 50 హెర్ట్జ్ కరెంటుతో లయ తప్పి చారలు పడుతున్నాయి.

జూన్ 29

గొట్టం వెలిగింది!

పూర్ణా మార్కెట్ పక్క సందులో పాత సామాన్ల కొట్లో సైన్‌బోర్డు ట్రాన్స్‌ఫార్మర్ దొరికింది, నియాన్ గొట్టాల అక్షరాలు వెలిగించిన కాలం నాటిది. దానికి వేరియాక్ (వోల్టేజీని తిప్పి పెంచే, తగ్గించే పరికరం), తర్వాత మైక్రోవేవ్ ఓవెన్ డయోడ్ ఒకటి, దాని తర్వాత 47 కిలో ఓమ్‌ల పది వాట్ల రెసిస్టర్లు నాలుగు వరసగా. గొట్టంలో కరెంటు పది మిల్లీఆంపియర్లు దాటదు. మైక్రోవేవ్ డయోడ్ వాడాను కదా అని దాని ట్రాన్స్‌ఫార్మర్ కూడా వాడదామని ఎవరైనా అనుకుంటే దయచేసి వద్దు, అది ఆగకుండా ఆంపియర్లకు ఆంపియర్లు ఇస్తుంది, తగిలితే ప్రాణం నిలవదు. నాది తగిలినా ప్రమాదమే. అందుకే వెలుగుతున్నంతసేపూ ఎడమచెయ్యి జేబులో, కాళ్ళకింద రబ్బరు మ్యాట్, మా మేనకోడలు అద్దం తలుపుకి అవతల.

గాజుగొట్టం 20 సెంటీమీటర్లు, లోపలి వ్యాసం 12 మిల్లీమీటర్లు. రెండు పక్కలా రబ్బరు బిరడాలు, వాటిలోంచి అల్యూమినియం కడ్డీలు. గాలి తియ్యడానికి ఏసీ మెకానిక్ స్నేహితుడి వాక్యూమ్ పంపు. కంచరపాలెం నుంచి బండి మీద తానే మోసుకొచ్చాడు. గొట్టం చూసి, "ఏటి బావా, ఇందులో గాలంతా లాగేసినాక ఇంక సూడ్డానికి ఏటుంటది?" అన్నాడు.

అసలు విషయం అదే. గాలి ఒత్తుగా ఉంటే కరెంటు మిల్లీమీటరు దూరం దూకడానికే దాదాపు 3000 వోల్టులు కావాలి. పలచబడేకొద్దీ ఎలక్ట్రాన్‌కి పరుగెత్తే చోటు దొరుకుతుంది, తర్వాతి అణువును గుద్దేలోపు వేగం పుంజుకుంటుంది. అందుకే వోల్టేజీ పడిపోతుంది. మరీ పలచబడితే గుద్దడానికి అణువే దొరకదు, వోల్టేజీ మళ్ళీ పెరుగుతుంది. పాషెన్ నియమం అనేది ఇదే. గాలికి ఆ అడుగు మట్టం 330 వోల్టుల దగ్గర.

మెకానిక్ గేజ్ 800 మైక్రాన్లు చూపించినప్పుడు వేరియాక్ నెమ్మదిగా తిప్పాను. పాదరసం ఎత్తులో చెప్పాలంటే 0.8 మిల్లీమీటరు. 1500 వోల్టుల ప్రాంతంలో ముందు సన్నటి ఊదా దారం వణికింది, వెంటనే గొట్టమంతా గులాబీ రంగు నిండింది. అతను రెండడుగులు వెనక్కేసి, ఫోను తీశాడు.

జూలై 6

ఇవాళంతా నెగెటివ్ కొన దగ్గరే గడిచింది. దగ్గరికెళ్ళి చూస్తే వెలుగు అంచెలంచెలుగా ఉంది. కడ్డీని ఆనుకుని పలచటి పొర, దాని పక్కన చీకటి సందు, తర్వాత చిక్కటి నీలం ముద్ద, మళ్ళీ చీకటి, ఆ తర్వాతే గులాబీ స్తంభం మొదలై పాజిటివ్ కొనదాకా సాగుతుంది. వేరియాక్ కాస్త తగ్గిస్తే స్తంభం బిళ్ళలు బిళ్ళలుగా తెగి, ఆ బిళ్ళలు నెమ్మదిగా ఊగుతున్నాయి.

ఒకే గొట్టం, ఒకే గాలి, రెండు రంగులు. చీలికను ముందు గులాబీ స్తంభం ఎదుట పెట్టాను. ఎరుపులో 570 నుంచి 690 దాకా దువ్వెన పళ్ళు: 639.5, 646.9, 654.5, 662.4, 670.5. ఇవి నైట్రోజన్ అణువు పట్టీలు. నియాన్ లాంటి ఒంటరి పరమాణువు గీతలు గీస్తుంది. నైట్రోజన్‌లో రెండు పరమాణువులు స్ప్రింగు కట్టినట్టు ఊగుతాయి కాబట్టి ఆ ఊపులన్నీ కలిసి దువ్వెనగా తయారవుతాయి. ఊదా వైపు 380.5, 399.8, 405.9. అసలు గట్టిది 337.1 దగ్గరుంది, అది వెబ్‌క్యామ్ గాజు దాటి రాదు.

తర్వాత చీలికను నీలం ముద్ద ఎదుటికి జరిపాను. ఎర్ర దువ్వెన వాడిపోయింది. 391.4 దగ్గర, స్తంభంలో ఉందో లేదో అన్నట్టున్న శిఖరం, పక్కనున్న 399.8ని మూడింతలు దాటేసింది. 427.8 దగ్గర దాని తమ్ముడు కూడా లేచాడు.

391.4 మామూలు నైట్రోజన్‌ది కాదు, ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న నైట్రోజన్‌ది. మామూలు నైట్రోజన్ 399.8 వెలిగించాలంటే ఎలక్ట్రాన్ దానికి 11 ఎలక్ట్రాన్ వోల్టుల (ఇంత చిన్న శక్తులకు వాడే కొలత) పైచిలుకు ఇస్తే చాలు. 391.4 వెలగాలంటే అణువులోంచి ఎలక్ట్రాన్‌ని పెరకాలి, మిగిలినదాన్ని పై మెట్టు ఎక్కించాలి, మొత్తం 18.75 కావాలి. అంత శక్తి ఉన్న ఎలక్ట్రాన్లు గులాబీ స్తంభంలో అరుదు. నెగెటివ్ కొన దగ్గర వందల వోల్టులు ఆ చిన్న చీకటి సందులోనే పడిపోతాయి, అక్కడ వేగం అందుకున్నవి నేరుగా నీలం ముద్దలో వచ్చి గుద్దుతాయి. లోపలికి ఏ పరికరమూ పెట్టకుండా, రెండు శిఖరాల ఎత్తులు పక్కపక్కన చూసి ఎలక్ట్రాన్లు ఎక్కడ ఉరుకుతున్నాయో, ఎక్కడ నడుస్తున్నాయో చెప్పగలగడం! ఈ పని మొదలుపెట్టిందే ఇందుకోసం. రాత్రి పదకొండయినా పంపు ఆపబుద్ధి కాలేదు.

(రెండూ దగ్గరదగ్గర గీతలు కాబట్టి పోల్చగలిగాను. 391ని 777తో పోల్చడం తప్పు, వెబ్‌క్యామ్ ఆ రెండింటినీ ఒకే కన్నుతో చూడదు.)

జూలై 13

వాన. గొట్టంలో 656 దగ్గర కొత్త ఎర్రటి శిఖరం. హైడ్రోజన్ 656.3 అని రాసేసి, మళ్ళీ కొట్టేశాను. పక్కనే నైట్రోజన్ పన్ను 654.5 ఉంది, నా పెట్టెకి ఆ ఎడం చాలీచాలనట్టు ఉంటుంది. హైడ్రోజన్ అయితే 486.1 కూడా ఉండి తీరాలి. చూశాను, ఉంది. వానాకాలపు విశాఖ తేమ గాజుకి పట్టి, గొట్టంలో కరెంటు పారుతుంటే నీరు విరిగి హైడ్రోజన్ వస్తోంది. బయటినుంచి హెయిర్ డ్రయ్యర్‌తో గొట్టం వేడిచేస్తూ గంటసేపు పంపు నడిపితే రెండు గీతలూ కలిసే తగ్గాయి.

అప్పటినుంచి ఇంట్లో ఒక కట్టుబాటు: ఒక్క గీత చూసి పేరు పెట్టకూడదు. తోడు గీతలు రావాలి, పెరిగినా తగ్గినా కలిసే జరగాలి.

జూలై 20

సాయంత్రం ఆర్కే బీచ్‌కి వెళ్ళాం. సబ్‌మెరైన్ దగ్గర గ్యాస్ బెలూన్లు అమ్ముతుంటే మేనకోడలు ఒకటి కొంది. "మామయ్యా, ఇందులో ఉన్నది హీలియమేనా?" అంది. అమ్మేవాళ్ళు చాలామంది కాస్టిక్ సోడా, అల్యూమినియం ముక్కలు కలిపి హైడ్రోజన్ తయారుచేసుకుని నింపుతారని వినడమే గాని నేను ఎప్పుడూ చూడలేదు. గొట్టం ఇంట్లో ఉండగా ఊహించడం ఎందుకు? బెలూన్‌ని కారు కిటికీలోంచి బయటికి పట్టుకుని, ఎక్కడా నిప్పు లేకుండా చూసుకుని ఇంటికి తెచ్చాం.

బెలూన్ మూతికి ఇన్సులిన్ సిరంజి సూది కట్టి గొట్టానికి కలిపాను. ఆ సన్నటి రంధ్రంలోంచి గ్యాస్ కొద్దికొద్దిగా లోపలికి వస్తుంది, పంపు లాగేస్తూ ఉంటుంది, మధ్యలో ఒక నిలకడ దొరుకుతుంది. పంపు పొగగొట్టానికి పైపు తగిలించి మేడ బయటికి వదిలాను. గొట్టంలో మొత్తం చోటే 22 సీసీలు, ఆ పీడనంలో అందులో ఉండే గ్యాస్ చిటికెడు. అయినా బెలూన్‌ని మటుకు తలుపవతల ఉంచాను.

వెలిగించగానే తెర మీద పసుపు గీత. మేనకోడలు అరిచింది: "హీలియం! 587.6!"

నాకూ అలాగే అనిపించింది. అయినా కట్టుబాటు ప్రకారం తోడు గీతలు వెతికాం. హీలియం అయితే 447.1, 501.6, 667.8, 706.5 రావాలి. ఒక్కటీ లేదు. 656.3 మాత్రం తెర పైకప్పు తాకుతోంది, 486.1, 434.0 దాని వెనకే వరసగా. బెలూన్‌లో ఉన్నది హైడ్రోజన్. మరి ఈ పసుపు ఎవరిది?

జూలై 21

రాత్రంతా ఇదే ఆలోచన. నా ముందున్న చిక్కు కొత్తది కాదు, మన నేల మీదే ఒకసారి వచ్చింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. గుంటూరులో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్‌సెన్, మచిలీపట్నంలో మద్రాసు అబ్జర్వేటరీ పోగ్సన్ స్పెక్ట్రోస్కోపులు పట్టుకుని నిలబడ్డారు. సూర్యుడి అంచున లేచిన జ్వాలల్లో ఒక పసుపు గీత కనబడింది. సోడియం జంట 589.0, 589.6 పక్కపక్కనే ఉండటంతో చాలామంది అది సోడియమే అనుకున్నారు. ఇంగ్లండులో ఖగోళ శాస్త్రవేత్త లాకియర్ ఆ అక్టోబరులో గ్రహణం లేకుండానే చూసి, కొలిచి, అది సోడియం స్థానం కాదని తేల్చాడు. ఆ గీత గీసిన కొత్త మూలకానికి హీలియం అని పేరొచ్చింది. భూమి మీద అది దొరికింది 1895లో, రసాయన శాస్త్రవేత్త రామ్సే చేతికి, ఒక యురేనియం ఖనిజంలో.

ఆ లాకియర్ దగ్గర పనిచేసినవాడు ఆల్‌ఫ్రెడ్ ఫౌలర్. లండన్‌లో ఫౌలర్ దగ్గర పనిచేసి వచ్చి మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో స్పెక్ట్రోస్కోపీకి పునాది వేసినవారు కొచ్చెర్లకోట రంగధామరావు గారు. మా మేడమీదికి వర్సిటీ చెట్లు కనబడతాయి. రోజూ ఆ రోడ్డునే పోతాను. ఇన్నాళ్ళూ ఈ వరస తెలియకుండానే తిరిగానే అనిపించింది.

జూలై 26

హీలియం 587.6కీ, నా పెట్టెలో కలిసిపోయి కనబడే సోడియం జంట నడుమ 589.2కీ ఎడం 1.6, నా పెట్టె విడదీసేది 2. కానీ ఇక్కడ రెండు గీతలు విడదీయక్కర్లేదు, ఒక్క గీత నడిమధ్య ఎక్కడుందో తెలిస్తే చాలు. దానికి పక్కన నమ్మకమైన గుర్తు కావాలి. ఆ గుర్తు టెస్టర్ బల్బులోనే ఉంది! నియాన్ 588.19 సరిగ్గా ఆ రెండింటి మధ్య కూర్చుంటుంది. దానికి ఎడమన పడితే హీలియం, కుడిన పడితే సోడియం.

చీలిక కింది సగానికి చిన్న అద్దం ముక్క పెట్టి టెస్టర్ వెలుగు మళ్ళించాను, పై సగానికి గొట్టం వెలుగు. ఒకే ఫ్రేములో పైన ఒక వరస, కింద ఒక వరస. తెర పెద్దది చేసి, కింద 588.19 శిఖరం ఎక్కడుందో వెంట్రుక మందం గీత నిలువునా పైకి లాగాం. పైనున్న పసుపు ఆ గీతకు రెండున్నర పిక్సెళ్ళు కుడిన ఉంది. పది ఫ్రేముల్లో పదిసార్లూ కుడినే. ఎడం ఒక నానోమీటరు.

సోడియం. ఉప్పు.

ఎక్కడిదంటే, కిందటి ఆదివారం కడ్డీలు బిగించింది చెమట చేతులతో. నెగెటివ్ కొనని అయాన్లు (ఎలక్ట్రాన్ పోగొట్టుకున్నవి) గుద్దుతుంటే దాని మీదున్న ఉప్పు ఎగిరి వెలుగులో కలుస్తుంది. కడ్డీ విప్పి, గరుకు కాగితంతో రుద్ది, డిస్టిల్డ్ వాటర్‌లో, స్పిరిట్‌లో కడిగి, గ్లవ్స్ వేసుకుని బిగించాను. పసుపు దాదాపు పోయింది. అంతటితో ఆపితే సగం రుజువే. కడ్డీని సముద్రం వైపు పిట్టగోడ మీద రెండు రాత్రులు వదిలాం, చెయ్యి తగలనివ్వలేదు.

జూలై 28

కడ్డీ తెచ్చి బిగించాం. పసుపు గీత మళ్ళీ వచ్చింది, అదే చోట, కుడిన రెండున్నర. కిటికీ ఊచలు ఏడాదికోసారి ఎందుకు తుప్పు పడతాయో ఈ ఊళ్ళో అందరికీ తెలుసు, ఆ ఉప్పునే ఇవాళ కాంతిలో చూశాం. 1860లో జర్మన్ శాస్త్రవేత్తలు బున్సెన్, కిర్కాఫ్ ఒక గది మూల మూడు మిల్లీగ్రాముల సోడియం సమ్మేళనం పేల్చి, అవతల మూలనున్న మంటలో దాని పసుపు చూశారు. వాళ్ళ లెక్కలో మిల్లీగ్రాములో ముప్పై లక్షల వంతు చాలు. ఈ మాట ఇరవై ఏళ్ళ కిందట చదివాను. నమ్మింది ఇవాళే.

ఆగస్టు 3

పుట్టినరోజు అలంకరణలు చేసే కొట్లో హీలియం అని చెప్పి అమ్మే బెలూన్ తెచ్చాం. కడిగిన కడ్డీలు, వేడిచేసిన గొట్టం. వెలుగు ఈసారి పీచు పండు రంగులో ఉంది.

పసుపు గీత ఎడమన పడింది. పిక్సెలున్నర ఎడమన! తోడు గీతలూ వచ్చాయి: 447.1, 501.6, 667.8, 706.5. మేనకోడలు ఒక్కోటీ చదువుతుంటే నేను రాస్తున్నాను, చివరి అంకెకి ఇద్దరికీ మాట పెగల్లేదు.

ఒక వింత. బెలూన్‌లో కాస్త గాలి కలిసి ఉంది, నైట్రోజన్ పళ్ళు చిన్నగా కనబడుతున్నాయి. కానీ 391.4, 427.8 గొట్టమంతా వెలుగుతున్నాయి, నెగెటివ్ కొన దగ్గరే కాదు. జూలై 6న గులాబీ స్తంభంలో లేనిది ఇప్పుడు నడిమధ్య ఎలా వచ్చింది? నెమ్మది ఎలక్ట్రాన్లు 18.75 ఎక్కడ తెస్తాయి? జవాబు హీలియంలోనే ఉంది. ఎత్తైన మెట్టు మీద చిక్కుకుపోయి, కాంతిగా దిగలేని హీలియం పరమాణువులు కొన్ని ఉంటాయి. వాటి దగ్గరున్న నిల్వ 19.8 ఎలక్ట్రాన్ వోల్టులు. నైట్రోజన్ తగలగానే మొత్తం అప్పజెప్పేస్తాయి. ఎలక్ట్రాన్‌ని పెరికి, 391 మెట్టు ఎక్కించడానికి సరిపోను, ఇంకా ఒకటి మిగులు. అంటే జూలై 6న నేను రాసుకున్న సూత్రం, 391 గట్టిగా ఉంటే ఎలక్ట్రాన్లు వేగంగా ఉన్నట్టేనన్నది, గాలికి సరే గాని హీలియం కలిస్తే చెల్లదు. ఆ పేజీలో ఎర్ర ఇంకుతో దిద్దాను. 388.9 హీలియం గీత కూడా పక్కనే ఉంది కాబట్టి 391ని 427.8తో సరిచూసుకోవాలి, అది కూడా రాశాను.

ఆగస్టు 10

కొలతల ప్రింటు తీసుకుని బీచ్‌కి వెళ్ళాం. బెలూన్లాయన చూసి, "తెలుసు బాబూ, ఆ గ్యాసు మేం కొనలేం" అన్నాడు. ఆయన సైకిలు నిలబెట్టిన చోటికి రెండడుగుల్లో మొక్కజొన్న పొత్తులు కాల్చే బండి ఉంది. గాలి విసిరినప్పుడల్లా బొగ్గుల నిప్పురవ్వలు లేస్తున్నాయి. మేనకోడలు అటు చూపించి, "పెద్దనాన్నా, కనీసం గాలికి ఎదురువైపు నిలబడండి, రవ్వ ఇటు రాకుండా" అంది. ఆయన ఒకసారి బెలూన్ల గుత్తి వైపు, ఒకసారి బొగ్గుల వైపు చూసి, స్టాండు తీసి, సైకిలు తోసుకుంటూ ముప్పై అడుగులు అవతలికి, లైటు స్తంభం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.